నానోమీటర్ల ఎడంలో వేడి ఎలా దాటుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో భౌతికశాస్త్రం చదువుతున్న విద్యార్థులు, చిప్ డిజైన్ రంగంలో పనిచేసే ఇంజనీర్లు, విజ్ఞానశాస్త్రం మీద ఆసక్తి ఉన్న సాధారణ పాఠకులు ఈ విషయం ప్రస్తావనకు వచ్చినప్పుడు అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చి, వీలైనంత సూటిగా జవాబులు రాశాను. ఇంటర్మీడియట్ స్థాయి భౌతికశాస్త్రం తెలిసినవారికి ఇందులో చాలా భాగం అర్థమవుతుంది.

అసలు విషయం ఏమిటి?

వేడిగా ఉన్న ఉపరితలం ఒకటి, చల్లగా ఉన్న ఉపరితలం మరొకటి ఎదురెదురుగా ఉన్నాయనీ, వాటి మధ్య గాలి కూడా లేని శూన్యమే ఉందనీ అనుకుందాం. వేడి వికిరణ రూపంలో ఒకదాని నుంచి మరొకదానికి వెళుతుంది. వాటి మధ్య ఎడం ఒక మీటరైనా, ఒక మిల్లీమీటరైనా, ఉపరితలాలు తగినంత విశాలంగా ఉన్నంతవరకు వెళ్లే వేడిలో తేడా ఉండదు. కాని ఆ ఎడాన్ని కొన్ని మైక్రోమీటర్లకు, అక్కడి నుంచి కొన్ని పదుల నానోమీటర్లకు తగ్గిస్తే, దాటే వేడి పాఠ్యపుస్తకంలోని గరిష్ఠ పరిమితిని మించిపోతుంది. అదీ కొద్దిగా కాదు, కొన్ని పదార్థాల విషయంలో వందల రెట్లు, వెయ్యి రెట్లు. దీనిని సమీప క్షేత్ర ఉష్ణ వికిరణం అంటారు.

పాఠ్యపుస్తకంలోని పరిమితి అంటే ఏది?

స్టీఫాన్-బోల్ట్‌జ్‌మన్ నియమం చెప్పేది. జోసెఫ్ స్టీఫాన్ 1879లో ప్రయోగ ఫలితాల ఆధారంగా, లుడ్విగ్ బోల్ట్‌జ్‌మన్ 1884లో సిద్ధాంతపరంగా దీనిని నిలబెట్టారు. ఒక చదరపు మీటరు ఉపరితలం నుంచి వెలువడే వికిరణ శక్తి పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతానికి అనుపాతంలో ఉంటుంది. తన మీద పడిన వికిరణాన్నంతా శోషించుకునే కృష్ణ వస్తువు విషయంలో అది గరిష్ఠం. 300 కెల్విన్ దగ్గర ఆ విలువ చదరపు మీటరుకు సుమారు 459 వాట్లు. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో నీడన ఉన్న గోడ 42 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే, ఆ ఉష్ణోగ్రతకు గరిష్ఠం సుమారు 558 వాట్లు. రెండు ఉపరితలాల మధ్య తేడా ఒక్క డిగ్రీ మాత్రమే ఉన్నప్పుడు, గది ఉష్ణోగ్రత దగ్గర నికరంగా దాటేది చదరపు మీటరుకు 6 వాట్ల చిల్లర. ఈ 6 అనే అంకెను గుర్తుంచుకుంటే కింద వచ్చే పోలికలన్నీ తేలికగా అర్థమవుతాయి.

అయితే ప్లాంక్ నియమం తప్పని అర్థమా?

కాదు. వేడి వస్తువు ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వికిరణం వెలువరిస్తుందో చెప్పేది ప్లాంక్ నియమం; పై పరిమితి కూడా దాని నుంచే వస్తుంది. ఆ నియమం ఎక్కడ వర్తిస్తుందో ప్లాంక్ ముందే చెప్పారు. 1900లో నియమాన్ని ప్రతిపాదించిన ఆయన, 1906లో ప్రచురితమైన ఉష్ణ వికిరణ ఉపన్యాసాలలో, తాము పరిగణించే దూరాలూ వస్తువుల కొలతలూ వికిరణ తరంగదైర్ఘ్యంతో పోలిస్తే చాలా పెద్దవిగా ఉండాలన్న షరతు స్పష్టంగా పెట్టారు. 1924లో ఢాకా నుంచి సత్యేంద్రనాథ్ బోస్ అదే నియమాన్ని ఫోటాన్లను లెక్కించే కొత్త పద్ధతిలో సాధించినప్పుడు కూడా, లెక్కకు వచ్చినవి శూన్యంలో స్వేచ్ఛగా ప్రయాణించగల స్థితులే. ప్రయాణించలేని తరంగాల ప్రసక్తి ఆ లెక్కలో లేదు, ఎందుకంటే దూరంగా ఉన్న వస్తువుకు అవి చేరనే చేరవు. కాబట్టి కృష్ణ వస్తువు పరిమితి దూరానికి సంబంధించిన పరిమితి, ప్రకృతి వేడికి విధించిన అంతిమ పరిమితి కాదు. ఈ ఒక్క విషయం మనసుకు పట్టకపోతే తక్కిన జవాబులన్నీ వింతగానే కనిపిస్తాయి. అందుకే దీనిని ముందు చెబుతున్నాను.

ఎంత దగ్గరైతే ‘దగ్గర’ అనాలి?

దానిని నిర్ణయించేది ఉష్ణోగ్రత. వీన్ నియమం ప్రకారం, వికిరణం అత్యధికంగా ఉండే తరంగదైర్ఘ్యాన్ని మైక్రోమీటర్లలో తెలుసుకోవాలంటే 2898ని కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగించాలి. గది ఉష్ణోగ్రతకు అది సుమారు 10 మైక్రోమీటర్లు. ఎడం దీనికంటే బాగా తగ్గినప్పుడు కొత్త ప్రభావం మొదలవుతుంది. 4 కెల్విన్ దగ్గర, అంటే ద్రవ హీలియం చల్లదనంలో, అదే తరంగదైర్ఘ్యం 0.7 మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. అతిశీతల పరికరాలు తయారుచేసేవారికి పదుల మైక్రోమీటర్ల ఎడం కూడా ‘దగ్గర’ కిందికే రావడానికి కారణం ఇదే.

దూరంగా చేరని ఆ వేడి మరి ఎక్కడ ఉంటుంది?

ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఈ మాటను కాస్త విడమరచి చెప్పాలి.

ఉష్ణోగ్రత ఉన్న ప్రతి పదార్థంలోనూ అణువులు, అయాన్లు, ఎలక్ట్రాన్లు నిరంతరం కదులుతుంటాయి. వాటిలో విద్యుదావేశాలు ఉంటాయి కనుక, ఆ క్రమరహితమైన కదలిక అంతా సూక్ష్మమైన విద్యుత్ ప్రవాహాలతో సమానం. ప్రతి ప్రవాహమూ తన చుట్టూ విద్యుదయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తుంది. ఆ క్షేత్రంలో ఒక భాగం తరంగంగా విడిపోయి దూరానికి ప్రయాణిస్తుంది. మనకు ఎండగానో, పొయ్యి సెగగానో తెలిసేది ఆ భాగమే. మరో భాగం ఉపరితలం వెంబడి మాత్రమే పరుగెత్తుతూ, ఉపరితలం నుంచి పైకి వెళ్లేకొద్దీ ఘాతీయంగా క్షీణించిపోతుంది. వీటినే ఇవానెసెంట్ తరంగాలు అంటారు.

ఇంటర్మీడియట్‌లో చదివిన సంపూర్ణాంతర పరావర్తనం ఇక్కడ అక్కరకు వస్తుంది. గాజు పట్టకంలో కాంతి సందిగ్ధ కోణాన్ని దాటి వాలుగా పడితే మొత్తం వెనక్కి తిరుగుతుందని చెప్పుకుంటాం. నిజానికి పట్టకం బయట, ఉపరితలానికి ఒక తరంగదైర్ఘ్యమంత మేర, క్షీణించే క్షేత్రం ఉంటుంది. అది ఒంటరిగా ఉన్నంతకాలం శక్తిని ఎక్కడికీ మోయదు. కాని రెండో పట్టకాన్ని దాదాపు తాకేంత దగ్గరగా తెస్తే, కాంతి అందులోకి దూకుతుంది. ఉష్ణ వికిరణంలో జరిగేది కూడా ఇదే: వేడి ఉపరితలం మీద చిక్కుకున్న క్షేత్రపు కొసలు చల్లని ఉపరితలంలోకి చొచ్చుకుపోయి, అక్కడి ఆవేశాలను కదిలించి, వేడిగా మారతాయి. దీనికి ఫోటాన్ టన్నెలింగ్ అనే పేరు ఉంది.

ఈ ప్రభావం అన్ని పదార్థాలకూ ఒకే మోతాదులో ఉంటుందా?

లేదు, ఈ రంగంలో అన్నిటికంటే అందమైన భాగం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ప్రత్యేకమైన అనునాదం ఏదీ లేని పారదర్శక పదార్థంలో సంపూర్ణాంతర పరావర్తనం వల్ల చిక్కుకున్న తరంగాలు మాత్రమే అదనంగా అందుతాయి. అప్పుడు వేడి గరిష్ఠంగా వక్రీభవన గుణకం వర్గమంత పెరుగుతుంది. గుణకం 1.5 ఉన్న పదార్థానికి అది 2.25 రెట్లు, 3.4 ఉన్న సిలికాన్‌కు 11 రెట్ల పైచిలుకు. ఇది చెప్పుకోదగినదే గాని వెయ్యి రెట్లు కాదు.

వెయ్యి రెట్లు కావాలంటే పలుగురాయి లాంటి పదార్థం ఉండాలి. మౌలాలి గుట్ట మీదో, నగరంలో ఇంకా మిగిలి ఉన్న గ్రానైట్ బండల పక్కనో మే నెలలో పొద్దుగుంకిన తరువాత నిలబడితే, పగలంతా పీల్చుకున్న వేడిని ఆ రాయి వదులుతూ ఉండడం చర్మానికి తెలుస్తుంది. ఆ గ్రానైట్‌లోని ప్రధాన ఖనిజాల్లో ఒకటైన పలుగురాయి సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల కూర్పు. ఈ రెంటి మధ్య బంధం సాగుతూ ముడుచుకుంటూ కంపించే పౌనఃపున్యాలు సుమారు 9 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటాయి, అంటే గది ఉష్ణోగ్రత వికిరణం అత్యధికంగా ఉండే చోటనే. దీనివల్ల దూరం నుంచి చూసినప్పుడు ఒక విచిత్రం కనిపిస్తుంది: 8 నుంచి 9.5 మైక్రోమీటర్ల మధ్య పలుగురాయి తన మీద పడిన వికిరణంలో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది, కనుక ఆ పట్టీలో తాను వెలువరించేది కూడా తక్కువే. దూరసంవేదన రంగంలో పనిచేసేవారికి ఈ లోటు బాగా తెలుసు. పలుగురాయి ఎక్కువగా ఉన్న నేలను పరారుణ చిత్రాల్లో గుర్తుపట్టే ఆనవాళ్లలో అదొకటి.

ఇప్పుడు అదే ఉపరితలానికి కొన్ని పదుల నానోమీటర్ల దగ్గరికి వెళదాం. దూరానికి పిసినారిగా కనిపించిన ఆ పట్టీలోనే ఇక్కడ క్షేత్రం అత్యంత బలంగా ఉంటుంది. పరమాణు జాలకపు కంపనమూ, విద్యుదయస్కాంత క్షేత్రమూ ఒకదానితో ఒకటి ముడిపడి, ఉపరితలాన్ని విడవకుండా సాగే ఒక ఉమ్మడి తరంగంగా మారతాయి. దీని పేరు ఉపరితల ఫోనాన్ పోలారిటాన్. సిలికాతో తయారైన గాజుకు ఇది 9, 20 మైక్రోమీటర్ల దరిదాపులో, సిలికాన్ కార్బైడ్‌కు సుమారు 10.5 మైక్రోమీటర్ల దగ్గర వస్తుంది. రెండు ఉపరితలాలూ ఒకే పదార్థంతో చేసినవైతే, రెంటి అనునాదమూ ఒకే పౌనఃపున్యంలో ఉంటుంది కనుక వేడి ఎంతో ధారాళంగా దాటుతుంది. దూరంలో విస్తారమైన వర్ణపటంగా కనిపించే ఉష్ణ వికిరణం, సిలికాన్ కార్బైడ్‌కు అతి సమీపంలో దాదాపు ఒకే తరంగదైర్ఘ్యానికి కుదించుకుపోతుందని 2000లో ఒక సిద్ధాంత పత్రం చూపింది. వేడి అంటేనే క్రమరహితమైనదని అలవాటుపడిన మనకు, ఉపరితలం అంచున అది ఇంత క్రమబద్ధంగా ఉండడం ఆలోచించదగిన సంగతి.

లోహాల సంగతి ఏమిటి?

బంగారం లాంటి లోహాల ఉపరితల అనునాదాలు, అంటే ప్లాస్మాన్లు అనే ఎలక్ట్రాన్ల సామూహిక కంపనాలు, దృశ్య కాంతి, అతినీలలోహిత ప్రాంతాల్లో ఉంటాయి. గది ఉష్ణోగ్రత వాటిని కదిలించలేదు. అయినా లోహంలో పుట్టే సుడి ప్రవాహాల అయస్కాంత క్షేత్రం వల్ల దగ్గరి దూరాల్లో వేడి గణనీయంగానే పెరుగుతుంది. ఎక్కువగా మలినాలు కలిపిన సిలికాన్‌లో, గ్రాఫీన్‌లో ప్లాస్మాన్లు పరారుణ ప్రాంతానికి దిగివస్తాయి కనుక పరిశోధకులు వాటిమీద దృష్టి పెట్టారు.

ఎడం తగ్గేకొద్దీ వేడి ఏ లెక్కన పెరుగుతుంది?

సమాంతర పలకల మధ్య ఉపరితల పోలారిటాన్ల ద్వారా దాటే వేడి ఎడం వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది. ఎడం సగమైతే వేడి నాలుగింతలు. ఎడం ఎంత తగ్గితే అంత సన్నని అలలు కూడా ఆవలి ఒడ్డుకు చేరగలుగుతాయి, ఉపరితలం మీద రెండు దిశల్లోనూ అటువంటి అలల సంఖ్య పెరుగుతుంది, అందుకే వర్గం వస్తుంది. ఒక వైపు పలకకు బదులు గోళం ఉంటే పెరుగుదల కాస్త నెమ్మదించి, ఎడానికే విలోమానుపాతంలో ఉంటుంది.

దీనిని ఎవరు కనిపెట్టారు?

ఒక్కరు కాదు. వేడి వల్ల కలిగే యాదృచ్ఛిక ప్రవాహాలను మాక్స్‌వెల్ సమీకరణాలలో ఎలా చేర్చాలో 1950ల తొలినాళ్లలో సోవియట్ శాస్త్రవేత్త రైటోవ్ చూపించారు. 1967లో క్రవాల్హో, టియెన్, కేరెన్ దగ్గరి ఎడంలో వేడి పెరుగుతుందని లెక్కగట్టారు. 1969లో హార్‌గ్రీవ్స్ క్రోమియం పూత పూసిన పలకలను సుమారు ఒక మైక్రోమీటరు ఎడానికి తెచ్చి ఆ పెరుగుదలను కొలిచారు. 1971లో పోల్డర్, వాన్ హోవ్ రైటోవ్ పద్ధతిని ఉపయోగించి ఈనాటికీ వాడుతున్న పూర్తి సూత్రాన్ని రాశారు. ఆ తరువాత చాలాకాలం సిద్ధాంతం ముందుండి, ప్రయోగం వెనుకబడింది. 2009లో మసాచుసెట్స్‌లోని ఎంఐటీ బృందం సిలికా గోళాన్ని గాజు పలకకు 30 నానోమీటర్ల దగ్గరికి తెచ్చి, ఉష్ణ బదిలీ గుణకం కృష్ణ వస్తువు పరిమితికి వెయ్యి రెట్ల స్థాయిలో ఉందని ప్రకటించింది. అదే ఏడాది ఫ్రాన్స్‌లోని మరో బృందం కూడా గోళం, పలకలతోనే సిద్ధాంతాన్ని ధ్రువీకరించింది. 2015లో మిషిగన్ విశ్వవిద్యాలయ బృందం సూదిమొనలో ఉష్ణోగ్రతను కొలిచే థర్మోకపుల్ అమర్చి 2 నానోమీటర్ల దాకా కొలిచింది.

ప్రయోగం చేయడం అంత కష్టమా?

చాలా కష్టం, ఆ కష్టమేమిటో తెలిస్తే గాని పై పేరాలోని సంవత్సరాల మధ్య ఎడం అర్థం కాదు.

ఒక మిల్లీమీటరు వెడల్పున్న రెండు పలకలను 50 నానోమీటర్ల ఎడంలో నిలపాలనుకుందాం. ఆ కొలతలను పది లక్షల రెట్లు పెంచి చూస్తే, ట్యాంక్‌బండ్ పొడవునా ఒక కిలోమీటరు మేర పరిచిన రెండు నేలలను, ఎక్కడా తగలకుండా, 5 సెంటీమీటర్ల ఎడంలో నిలబెట్టినట్టు. ఒక వైపు నుంచి మరో వైపుకు వాలు ఒక సెంటీమీటరు వస్తే లెక్క తప్పుతుంది. అసలు పలకల్లో ఆ వాలు రేడియన్‌లో లక్షో వంతు మాత్రమే. పలకల మధ్య ఒక మైక్రోమీటరు దుమ్ము కణం పడితే చాలు, ఎడం అంతకంటే తగ్గదు. అందుకే ఇలాంటి పని క్లీన్ రూమ్‌లోనే సాగుతుంది.

సమాంతరత సమస్యను తప్పించుకోవడానికే పరిశోధకులు గోళాన్ని ఎంచుకున్నారు. గోళాన్ని ఎటు తిప్పినా గోళమే. సిలికాన్ నైట్రైడ్‌తో చేసి, బంగారు పూత పూసిన సన్నని పట్టీ చివర, వెంట్రుక మందం అంత వ్యాసం ఉన్న సిలికా గోళాన్ని అంటిస్తారు. బంగారం, నైట్రైడ్ వేడికి వేర్వేరుగా వ్యాకోచిస్తాయి కనుక ఉష్ణోగ్రత కొద్దిగా మారినా పట్టీ వంగుతుంది. పట్టీ మీద పడి పరావర్తనం చెందే లేజర్ కిరణం ఆ వంపును చూపుతుంది, గోళాన్ని పలక కంటే వేడిగా ఉంచే పని కూడా ఆ లేజరే చేస్తుంది. పలకను నెమ్మదిగా దగ్గరికి జరుపుతుంటే గోళం వేడిని కోల్పోయి, పట్టీ వంపు మారుతూ వస్తుంది. ఒక్కసారిగా గోళం పలకకు తగిలిన క్షణమే ఎడం సున్నా. అక్కడి నుంచి వెనక్కి లెక్కించి ప్రతి బిందువు దగ్గరి దూరాన్ని నిర్ణయిస్తారు. ఇలా నానోవాట్ల స్థాయి మార్పులను పట్టుకోగలిగారు.

వీటన్నిటితో పాటు గాలిని తొలగించాలి. మామూలు పీడనంలో గాలి అణువు మరో అణువును ఢీకొనే లోపు సగటున 70 నానోమీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. ఎడం అంతకంటే తగ్గినప్పుడు అణువులు ఒక గోడ నుంచి మరో గోడకు నేరుగా వేడిని మోస్తాయి, అది వికిరణాన్ని పూర్తిగా కప్పేస్తుంది. కాబట్టి గట్టి శూన్యం లేకుండా ఈ కొలత సాధ్యం కాదు.

ఎడం ఒకటి రెండు నానోమీటర్లకంటే తగ్గితే ఏమవుతుంది?

అక్కడ వికిరణం, వహనం మధ్య గీత చెరిగిపోతుంది: ఎలక్ట్రాన్లు టన్నెలింగ్ ద్వారా దూకగలవు, పరమాణువుల కంపనాలు నేరుగా ఆవలికి అందగలవు. 2017లో ఒక బృందం 0.2 నుంచి 7 నానోమీటర్ల మధ్య సిద్ధాంతం చెప్పినదానికంటే ఎంతో ఎక్కువ వేడి దాటుతోందని ప్రకటించగా, అదే ఏడాది మరో బృందం ఉపరితలాలను బాగా శుభ్రం చేస్తే ఆ అదనపు వేడి మాయమవుతుందని, మలిన పొరలే కారణమని చూపింది. రెండో బృందం వాదన నాకు ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది, ఎందుకంటే వారు శుభ్రతను మాత్రమే మార్చి ఫలితం మారడాన్ని చూపారు.

థర్మోడైనమిక్స్ రెండో నియమానికి భంగం కలగదా?

కలగదు. వేడి నికరంగా వేడి వస్తువు నుంచి చల్లని వస్తువుకే పోతుంది, రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటే నికర ప్రవాహం సున్నా. కొత్తగా శక్తి పుట్టదు; సమతాస్థితికి చేరే వేగం మాత్రమే పెరుగుతుంది.

కాసిమీర్ బలానికీ దీనికీ సంబంధం ఉందా?

దగ్గరి చుట్టరికమే ఉంది. శూన్యంలో దగ్గరగా ఉన్న రెండు పలకలు ఒకదానినొకటి లాగుకుంటాయని 1948లో కాసిమీర్ ఊహించారు. ఆ ఆకర్షణ కూడా ఉపరితలాల మధ్య విద్యుదయస్కాంత క్షేత్రపు ఒడుదుడుకుల నుంచే వస్తుంది. వాస్తవ పదార్థాలకు దానిని లెక్కగట్టడానికి లిఫ్‌షిట్జ్ వాడినది కూడా రైటోవ్ పద్ధతే. పరిపూర్ణ అద్దాల మధ్య 100 నానోమీటర్ల ఎడంలో ఆ పీడనం సుమారు 13 పాస్కళ్లు. మెత్తని పట్టీలతో ప్రయోగం చేసేవారికి ఇది నిజమైన చిక్కు: తగినంత దగ్గరికి రాగానే పట్టీ తనంతట తాను వెళ్లి పలకకు అతుక్కుంటుంది.

చిప్‌లను చల్లబరచడానికి ఇది పనికివస్తుందా?

హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. జవాబు నిరుత్సాహపరచవచ్చు, కాని అంకెలు స్పష్టంగా ఉన్నాయి. 50 నానోమీటర్ల మందమున్న సిలికా పొరలో వహనం ద్వారా, ఒక డిగ్రీ తేడాకు, చదరపు మీటరుకు దాదాపు 2.8 కోట్ల వాట్లు దాటుతాయి. అదే మందం శూన్యమైతే, వికిరణం 6 వాట్ల నుంచి వెయ్యి రెట్లు పెరిగిందనుకున్నా 6000 వాట్లే. చిప్ లోపల ఘన పదార్థం ఒకదానినొకటి తాకుతున్నంతకాలం సమీప క్షేత్ర వికిరణం లెక్కలోకి రాదు. తాకకూడని చోట, అంటే హార్డ్ డిస్క్ పళ్లేనికీ దాని మీద కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలే హెడ్‌కూ మధ్య ఉష్ణ బదిలీని అంచనా వేసేటప్పుడు, దీనిని పట్టించుకోవలసి వస్తుంది.

డాబా మీద వేసే కూల్ రూఫ్ పూతలు ఈ సూత్రం మీదే పనిచేస్తాయా?

లేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించినప్పటి నుంచి ఈ రెంటినీ కలిపి అడగడం వింటున్నాను. ఆ పూతలు సూర్యకాంతిని తిప్పికొట్టడం, 8 నుంచి 13 మైక్రోమీటర్ల పరారుణ వికిరణాన్ని ఆకాశంలోకి వదలడం అనే రెండు పనుల ద్వారా కప్పును చల్లగా ఉంచుతాయి. ఆకాశం దూరంగా ఉన్న వస్తువు. అక్కడికి ఇవానెసెంట్ తరంగాలు చేరవు. పూతలో నానో కణాలు ఉన్నా సరే, అది దూర క్షేత్ర వికిరణమే.

మరి అసలు ఉపయోగం ఎక్కడ?

అన్నిటికంటే ఆశ పెట్టుకోదగినది థర్మోఫోటోవోల్టాయిక్ పరికరం. వేడి వస్తువు వికిరణాన్ని సౌర ఘటం లాంటి సెల్ మీదికి పంపి విద్యుత్తు తీయడం దాని పని. రెంటి మధ్య ఎడం నానోమీటర్లకు తగ్గితే అదే ఉష్ణోగ్రతకు ఎక్కువ ఫోటాన్లు అందుతాయి. 2018లో మిషిగన్ బృందం సుమారు 60 నానోమీటర్ల ఎడంలో విద్యుత్ ఉత్పత్తి దూరంలో కంటే 40 రెట్లు పెరగడాన్ని చూపించింది. ప్రయోగశాలలోని అతి చిన్న వైశాల్యం మీద సాధించిన ఫలితమది. చదరపు సెంటీమీటర్ల వైశాల్యం మీద, వందల డిగ్రీల వేడికి పలకలు వంగిపోకుండా, ఆ ఎడాన్ని నిలిపి ఉంచడమే కర్మాగారాల వ్యర్థ వేడికి దీనిని వాడుకోవడానికి ఉన్న అసలు అడ్డంకి. ఎడం నిలపడానికి స్తంభాలు పెడితే ఆ స్తంభాల గుండానే వేడి కారిపోతుంది. రెండో ఉపయోగం వేడిని ఒక దిశలో ఎక్కువగా, మరో దిశలో తక్కువగా పోనిచ్చే ఉష్ణ డయోడ్. సుమారు 68 డిగ్రీల సెల్సియస్ దగ్గర అవాహకం నుంచి లోహంగా మారే వెనేడియం డయాక్సైడ్ ఇందుకు అనువైన పదార్థం.

ఇంటర్మీడియట్ లేదా డిగ్రీ విద్యార్థి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ముందు సంపూర్ణాంతర పరావర్తనాన్ని స్నెల్ నియమంతో కాకుండా తరంగ సమీకరణంతో మరోసారి చేసి చూడాలి. సందిగ్ధ కోణం దాటాక లంబ దిశలోని తరంగ సంఖ్య కల్పిత సంఖ్యగా మారుతుంది, అదే ఘాతీయ క్షీణత. ఆ క్షీణత దూరం ఎంతో 10 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యానికి, 1.5, 3.4 గుణకాలకు, వేర్వేరు కోణాలకు లెక్కగట్టాలి. తరువాత ఆ క్షీణత దూరం కంటే చాలా తక్కువ ఎడంలో రెండో పట్టకం పెట్టి, దాటే భాగాన్ని అన్ని కోణాలకూ కూడితే, పైన చెప్పిన 2.25, 11 రెట్ల అంకెలు వాటంతటవే బయటపడతాయి. అది వచ్చిన తరువాత విద్యుత్ నిరోధకంలోని ఉష్ణ ఘోష, అంటే వేడి వల్ల పుట్టే క్రమరహిత వోల్టేజి మీద 1928లో జాన్సన్, నైక్విస్ట్ చేసిన పనిని చదవడం మంచిది. రైటోవ్ సిద్ధాంతపు మూలం అదే. పోల్డర్, వాన్ హోవ్ సూత్రానికి అప్పుడు వెళితే అందులోని ప్రతి పదం దేనిని లెక్కిస్తోందో తెలిసే వస్తుంది.